పట్టిన కుందేలుకు క్యారెట్టే మేత

పశువు తినేదాన్ని తెలుగు మేత అంటుంది, మనిషి తినేదాన్ని తిండి అంటుంది. ఆవు, మేక, గొర్రె మేస్తాయి. అదే గడ్డిని ఆధారం చేసుకొని బతకవలసిన కుందేలు మాత్రం పట్టణపు ఇంట్లోకి అడుగుపెట్టగానే మేసే జంతువుల వరసలోంచి జారిపోయి, గోరుముద్దలు తినిపించవలసిన చంటిబిడ్డల వరసలో చేరుతుంది. దానికి సహజాహారం క్యారెట్ అనీ, క్యారెట్ లేని పూట క్యాబేజీ, దోసకాయ, నానబెట్టిన శనగలు, బ్రెడ్డు, బిస్కెట్టు, అన్నం మెతుకులు ఏవైనా సరిపోతాయనీ, దుకాణంలో దొరికే పెల్లెట్లు పోస్తే ఇక వేరే చింత అక్కరలేదనీ, గడ్డి పెడితే మంచిదే గాని పెట్టకపోయినా నష్టం లేదనీ, నీళ్లు మాత్రం పెట్టకపోవడమే మేలనీ ఒక అభిప్రాయం బలంగా స్థిరపడింది. పట్టిన కుందేలుకు మూడే కాళ్లని పట్టుబట్టేవారి గురించి సామెత పుట్టిన భాషలో, కుందేలు మేత గురించే ఇంత పట్టుదల పెరగడం కొంత విచిత్రం. ఈ అభిప్రాయంలోని ప్రతి అంశమూ కుందేలు పళ్ల నిర్మాణానికీ పేగుల పనితీరుకూ విరుద్ధంగా ఉంది.

క్యారెట్‌కు కుందేలుతో ఉన్న బంధుత్వం ప్రకృతిలో పుట్టింది కాదు, సినిమాలో పుట్టింది. 1940లో విడుదలైన ‘ఎ వైల్డ్ హేర్’ అనే అమెరికన్ కార్టూన్ చిత్రంతో బగ్స్ బన్నీ అనే పాత్ర స్థిరరూపం పొందింది. ఆ పాత్ర ఒక చేత్తో క్యారెట్ పట్టుకొని కొరుకుతూ మాట్లాడే తీరుకు, 1934 నాటి ‘ఇట్ హాపెండ్ వన్ నైట్’ చిత్రంలో క్లార్క్ గేబుల్ క్యారెట్ నములుతూ గడగడా మాట్లాడే దృశ్యం ప్రేరణ అని దాని రూపకర్తలే చెప్పుకున్నారు. అంటే ఒక నటుణ్ని అనుకరించిన బొమ్మ, ఆ బొమ్మను నమ్మిన పిల్లల పుస్తకాలు, వాటిని చూసి గీసిన వర్ణమాల పటాలు కలిసి ఒక ఆహారశాస్త్రాన్ని తయారుచేశాయి. అంతకుముందు 1902లో అచ్చయిన బియాట్రిక్స్ పాటర్ ‘పీటర్ రాబిట్’ కథలో, తోటలోకి దొంగతనంగా దూరిన కుందేలు పిల్ల లెట్యూస్, చిక్కుళ్లు, ముల్లంగి వరసగా తిని కడుపులో వికారం పుట్టి పార్స్లీ ఆకు వెతుక్కుంటూ పోతుంది. పిల్లల కోసం రాసినదే అయినా, కూరగాయలు మితిమీరితే కుందేలుకు ఏమవుతుందో తర్వాతి కార్టూన్ల కంటే ఆ కథకే బాగా తెలుసు.

క్యారెట్ విషం కాదు. విషమని చెప్పేవారి మాట కూడా అతిశయోక్తే. అయితే అది మొక్క తన కోసం చక్కెర దాచుకునే వేరు. నూరు గ్రాముల పచ్చి క్యారెట్‌లో సుమారు 88 గ్రాములు నీరు, 10 గ్రాములకు కొంచెం తక్కువగా పిండి, చక్కెర, పీచు కలిసిన పదార్థాలు ఉంటాయి. ఆ పదిలో దాదాపు సగం చక్కెర, పీచు మూడు గ్రాములైనా ఉండదు. రెండు కిలోల కుందేలుకు అరవై గ్రాముల క్యారెట్ ఒకటి పెట్టడమంటే, శరీరపు బరువు లెక్కన, అరవై కిలోల మనిషి ఒక్క పూటలో కిలో ఎనిమిది వందల గ్రాముల క్యారెట్ తినడంతో సమానం. మనిషి పేగు, కుందేలు పేగు ఒకటి కావు కనుక ఈ పోలిక కచ్చితమైన కొలత కాదు. ‘ఒక్కటే కదా’ అనే మాటలోని ఒకటి ఎంత పెద్దదో చూపడానికి అది చాలు. వారానికి రెండు మూడు సార్లు ఒక పలచని చక్రం మిఠాయిలాగా ఇస్తే అభ్యంతరం లేదు. మిఠాయిని భోజనంగా పెట్టడమే ఇక్కడ ఖండించవలసిన విషయం.

క్యారెట్‌ను సమర్థించేవారు చూపే మరో కారణం, గట్టిగా ఉండే దుంప కొరికితే పళ్లు అరుగుతాయన్నది. పళ్లు అరగాలన్న మాట నిజమే, క్యారెట్ వల్ల అరుగుతాయన్నది మాత్రం నిజం కాదు. కుందేలుకు 28 పళ్లు. అన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కొరికే పళ్లయిన కుంతకాలు వారానికి సుమారు 2 మిల్లీమీటర్ల చొప్పున, అంటే ఏడాదికి పది సెంటీమీటర్లకు పైగా పెరుగుతాయి. పై కుంతకాల వెనుక మరో జత చిన్న పళ్లు దాగి ఉంటాయి. ఎలుకలకు లేని ఈ జతతో పాటు మరికొన్ని తేడాలను కూడా గమనించి, 1912లో గిడ్లీ అనే శాస్త్రవేత్త కుందేళ్లను ఎలుకల వర్గం నుంచి తీసి లాగోమార్ఫా అనే ప్రత్యేక వర్గంలో పెట్టాడు. అసలు ప్రమాదం బయటికి కనబడే కుంతకాలలో కాదు, బుగ్గల వెనుక ఉండి నమిలే చర్వణకాలలో ఉంది. గడ్డిపోచ నమలడానికి కుందేలు కింది దవడను అటూ ఇటూ పక్కలకు, తిరగలి తిప్పినట్టు, వందల సార్లు కదిలిస్తుంది. గడ్డిలోని ఇసుక జాతి సిలికా కణాలు ఆ రాపిడిలో పంటిని సమంగా అరగదీస్తాయి. క్యారెట్ ముక్కను గాని పెల్లెట్‌ను గాని కుందేలు పైనుంచి కిందికి నొక్కి చితకగొట్టి మింగుతుంది. ఆ కదలికలో పన్ను అరగదు. అరగని చర్వణకాల అంచులు ముళ్లలా పెరిగి నాలుకనూ బుగ్గనూ కోస్తాయి, వేళ్లు దవడ ఎముకలోకి దిగి కంటి కింద చీము పట్టిస్తాయి. అప్పుడు కుందేలు తిండి మానేస్తే, దానికి ‘అలక’ వచ్చిందని అనుకొని ఇంకా మెత్తని తిండి పెట్టేవారూ ఉంటారు.

పళ్ల కంటే పేగుల విషయం మరింత లోతైనది, ప్రబలంగా ఉన్న అభిప్రాయం పూర్తిగా కూలిపోయేది కూడా ఇక్కడే. ఆవు గడ్డిని ముందు కడుపులో పులియబెట్టుకొని తర్వాత అరిగించుకుంటుంది. కుందేలు ముందు అరిగించుకోగలిగినంత అరిగించుకొని, మిగిలినదాన్ని వెనుక భాగంలో, చిన్నపేగు పెద్దపేగు కలిసే చోట సంచిలా వేలాడే అంధనాళంలో పులియబెట్టుకుంటుంది. జీర్ణవ్యవస్థలోని పదార్థంలో సుమారు నలభై శాతం ఆ ఒక్క సంచిలోనే ఉంటుంది. పెద్దపేగు ఇక్కడ జల్లెడలా పనిచేస్తుంది: ముతక పీచును వేరుచేసి గట్టి గుండ్రని పెంటికలుగా త్వరగా బయటికి పంపేస్తుంది, సన్నని రేణువులనూ ద్రవాన్నీ వెనక్కి అంధనాళంలోకి నెడుతుంది. అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి కుందేలుకు శక్తినిచ్చే కొవ్వు ఆమ్లాలుగా, మాంసకృత్తులుగా, బి, కె విటమిన్లుగా మారుస్తాయి. ఆ సరుకు జిగురు పొర కప్పిన మెత్తని గుత్తులుగా బయటికి వస్తుంటే, కుందేలు నేరుగా నోటితో అందుకొని నమలకుండా మింగుతుంది. ఈ మృదు పెంటికల సంగతిని 1882లో మోరో అనే ఫ్రెంచి పశువైద్యుడు వర్ణించాడు; అప్పటి నుంచీ తెలిసిన ఈ విషయాన్ని చూసి అసహ్యించుకొని కుందేలును అదిలించే యజమానులు, దాని నోటి దగ్గరి అన్నం లాగేసినట్టే లెక్క.

ఈ నిర్మాణాన్ని గ్రహిస్తే పీచు స్థానమేమిటో స్పష్టమవుతుంది. ముతక పీచు కుందేలుకు పోషకంగా పెద్దగా ఒంటబట్టదు. అది పేగులను నడిపించే చోదకశక్తి. పీచు తగ్గితే పేగుల కదలిక మందగిస్తుంది, లోపలి పదార్థం గట్టిపడుతుంది, వాయువు చేరుతుంది, నొప్పికి కుందేలు తినడం మానేస్తుంది, తినకపోవడం వల్ల కదలిక ఇంకా నిలిచిపోతుంది. వాంతి చేసుకోగల శక్తి కుందేలుకు లేదు కనుక లోపలికి పోయినది వెనక్కి రాదు. పగలూ రాత్రీ మేస్తూ ఉండవలసిన జంతువు పన్నెండు గంటలపాటు ఏమీ ముట్టకపోతే అది మరునాటికి వాయిదా వేయదగిన విషయం కాదు, అత్యవసర వైద్యం చేయించవలసిన స్థితి.

అన్నం, బ్రెడ్డు, బిస్కెట్టు, శనగల వంటివి చేసే హాని దీనికి రెండో వైపు. ఎదిగిన కుందేలు కొంత పిండిపదార్థాన్ని చిన్నపేగులోనే అరిగించుకోగలదు. పాలు మానిన పిల్లలకు ఆ శక్తి ఇంకా పూర్తిగా రాదు, పెద్దవాటికీ మోతాదు మించితే మిగులు అంధనాళంలోకి జారుతుంది. అక్కడ పీచును నెమ్మదిగా పులియబెట్టే సూక్ష్మజీవుల చోట చక్కెరను త్వరగా వాడుకొనేవి పెరుగుతాయి. క్లాస్ట్రీడియం స్పైరోఫార్మే అనే సూక్ష్మజీవి విడిచే విషం పేగు గోడను దెబ్బతీసి, లేత కుందేలును ఒకటి రెండు రోజుల్లో చంపగలదు. అంగళ్లలో నాలుగు వారాలైనా నిండని పిల్లలను బుట్టల్లో పెట్టి ‘అన్నీ తింటాయి’ అని చెప్పి అమ్మినప్పుడు, వాటిలో అనేకం వారం తిరిగేలోపు చనిపోవడానికి ‘దిష్టి’ కారణం కాదు. కొన్నవాడు మారు మాట్లాడకుండా మరో జత కొంటాడు. ఈ వ్యాపారం సాగేది ఆ రెండో జత మీదే.

ఈ సూత్రం తెలుగు రైతుకు తెలియనిది కాదు. పెళ్లి పందిట్లో మిగిలిన అన్నం గేదె బుట్టెడు మెక్కితే దానికి పొట్ట ఉబ్బి, ఆమ్లం పెరిగి, ప్రాణం మీదికి వస్తుందని పల్లెలో ఎవరిని అడిగినా చెబుతారు. గడ్డిని పులియబెట్టుకొని బతికే పశువుకు గింజ మితిమీరితే చేటు అన్న ఆ అనుభవజ్ఞానం, పులియబెట్టే సంచి ముందున్నా వెనకున్నా మౌలికంగా చెల్లుతుంది. గేదె విషయంలో అంత జాగ్రత్త పడే ఇల్లే కుందేలుకు ముద్ద కలిపి పెట్టడానికి కారణం, దాన్ని పశువుగా గుర్తించకపోవడమే. కుందేలు వెనుక భాగం మెత్తని పదార్థంతో అంటుకొని ఉంటే యజమాని దాన్ని విరేచనాలని పొరబడటమూ ఈ కోవలోదే: చాలాసార్లు అవి పిండి, చక్కెర ఎక్కువై కుందేలు తినకుండా వదిలేసిన మృదు పెంటికలు. తెలుగు ఇంట్లో విరేచనాలనగానే పెరుగన్నం గుర్తొస్తుంది. జబ్బుకు కారణమైన పిండినే మందుగా పెట్టడం, దానికి తోడు పాల పదార్థం చేర్చడం అలా జరుగుతుంది.

ఈ వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం, కుందేలు క్యారెట్‌నూ బిస్కెట్టునూ ఎంతో ఇష్టంగా తింటుంది కదా, తనకేది మంచిదో దానికి తెలియదా అన్నది. పెంపుడు కుందేళ్లన్నిటికీ మూలమైన జాతి, ఓరిక్టోలేగస్ క్యునిక్యులస్ అనే శాస్త్రీయ నామం గలది, స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా ద్వీపకల్పంలోని బక్క నేలల్లో ఎండిన గడ్డీ మొరటు ఆకులూ తిని బతికింది. తీపి అరుదుగా దొరికే చోట, దొరికిన క్షణంలో వదలకుండా తినే జంతువే నెగ్గుతుంది. ఆ ఆబకు హద్దు పెట్టవలసిన అవసరం ప్రకృతికి రాలేదు, ఎందుకంటే ఆ హద్దును కరవే పెట్టింది. పంజరంలో కరవు లేదు. కనుక ఇష్టాన్ని మేలుకు సాక్ష్యంగా తీసుకోవడం, చాక్లెట్ కోసం ఏడ్చే పిల్లవాడి ఏడుపును వైద్యుడి చీటీగా తీసుకోవడం వంటిది.

రెండో అభ్యంతరం అడవి కుందేలు పేరుతో వస్తుంది. చేలల్లో లేత పైరు కొరికే చెవులపిల్లి ఏదైనా తిని హాయిగా ఉండగా పెంపుడుదానికి ఇన్ని నియమాలెందుకని అడుగుతారు. చెవులపిల్లి శాస్త్రీయ నామం లేపస్ నైగ్రికోలిస్, అది వేరే ప్రజాతికి చెందినది; అది బొరియ తవ్వదు, దాని పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి, పెంపుడు కుందేలు పిల్లలు బొచ్చు లేకుండా కళ్లు మూసుకొని పుడతాయి; వాటి క్రోమోజోముల సంఖ్య కూడా వేరు, చెవులపిల్లికి 48, పెంపుడు కుందేలుకు 44. (చెవులపిల్లిని పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.) పైగా అది చేలో తినేదీ ఎక్కువగా ఆకూ కాండమే, అందుకోసం పగటి ఎండ తగ్గాక తిరుగుతూనే ఉంటుంది.

మూడో అభ్యంతరం అన్నిటికంటే మొండిది: ఫలానా ఇంట్లో అన్నమూ బిస్కెట్టూ తిన్న కుందేలు మూడేళ్లు బతికిందంటారు. సరైన మేతతో పెంపుడు కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. మూడేళ్లను దీర్ఘాయువుగా చెప్పుకోవడంలోనే ఈ వాదన ఓడిపోయింది. కుందేలు వేటకు గురయ్యే జంతువు కనుక నొప్పిని దాచుకోవడం దాని స్వభావం. జబ్బు బయటపడే నాటికి అది చాలాకాలంగా ఉన్నదే అయి ఉంటుంది. ఒక్క కుందేలు తట్టుకున్నది మరొకటి తట్టుకుంటుందన్న హామీ కూడా లేదు. కొన్ని కుందేళ్ల రక్తంలో అట్రోపిన్ అనే విషాన్ని విరిచే ఎంజైమ్ పుట్టుకతో ఉంటుంది, కొన్నిటిలో ఉండదు; ఉమ్మెత్త జాతి ఆకు తిని ఒకటి చెక్కుచెదరకుండా ఉంటే, పక్క పంజరంలోనిది ప్రాణాపాయంలో పడవచ్చు.

పెల్లెట్ల మీది నమ్మకానికి శాస్త్రీయమనే ముద్ర ఉంది కనుక దాన్ని వేరుగా పరిశీలించాలి. పెల్లెట్ అంటే గడ్డిపొడి, ధాన్యపు తవుడు, సోయా వంటివి కలిపి ఒత్తిడితో అచ్చుపోసిన బిళ్ల. ఇది మాంసానికీ ఉన్నికీ కుందేళ్లు పెంచే పరిశ్రమ అవసరం కోసం పుట్టింది. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1977లో ప్రకటించిన కుందేలు పోషక ప్రమాణాలు ప్రధానంగా ఆ పెంపకాన్ని దృష్టిలో పెట్టుకున్నవే; భారతదేశంలో రాజస్థాన్‌లోని అవికానగర్ కేంద్రీయ గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ కుందేళ్ల మీద చేసిన కృషి ఉద్దేశమూ రైతుకు త్వరగా బరువు పెరిగే జంతువును అందించడమే. న్యూజిలాండ్ వైట్ వంటి జాతి మూడు నెలలకు సుమారు రెండు కిలోలు తూగాలంటే మాంసకృత్తులు పదహారు శాతానికి పైగా ఉన్న దాణా సమంజసం. ఆ పరిశ్రమ తన లక్ష్యానికి తగిన మేతే తయారుచేసుకుంది. ఆ జంతువు పళ్లు నాలుగో ఏట ఎలా ఉంటాయన్న ప్రశ్న దానికి ఎదురుకాదు, ఎందుకంటే దానికి నాలుగో ఏడు రాదు. పదేళ్లు బతకవలసిన ఇంటి కుందేలుకు కోడిపిల్లల లెక్కన దాణా పోయడమే పొరపాటు. రంగురంగుల గింజలు, ఎండు పండ్లు కలిపిన మిశ్రమాలు ఇంకా చెడ్డవి, ఎందుకంటే కుందేలు అందులో తీపివీ పిండివీ ఏరుకొని పీచును వదిలేస్తుంది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పదిహేడు నెలలపాటు సాగిన పరిశీలనలో, అలాంటి మిశ్రమం తిన్న కుందేళ్లలో, ముఖ్యంగా ఎండుగడ్డి లేకుండా దాన్నే తిన్నవాటిలో, ఊబకాయం, పళ్ల అతిపెరుగుదల, పేగుల మాంద్యం కనిపించాయి. ఎదిగిన కుందేలుకు కిలో బరువుకు రోజుకు పాతిక గ్రాములకు మించకుండా, పీచు ఎక్కువగా ఉన్న పెల్లెట్లు ఇస్తే చాలు. మంచి గడ్డి నిండుగా దొరికే చోట అవి లేకున్నా ఇబ్బంది లేదు.

ఇక ‘ఎండుగడ్డి విదేశీ ఆడంబరం’ అన్న మాట. దుకాణాల్లో దొరికే తిమోతి గడ్డి చల్లని దేశాలది, దిగుమతి వల్ల ఖరీదైనది, అది నిజమే. దాన్నిబట్టి గడ్డి మేతే అసాధ్యమనడం, బాస్మతి ఖరీదని అన్నం మానేయడం వంటిది. వినాయకుడికి పూజలో పెట్టే గరికకు మించిన కుందేలు మేత తెలుగు నేల మీద వెతకనక్కర లేదు. పురుగుమందు కొట్టని, కుక్కలు తిరగని చోట కోసి, కడిగి, పచ్చిగానూ, నీడలో ఆరబెట్టి ఎండుగానూ పెట్టవచ్చు. పాడిరైతులు పెంచే నేపియర్ గడ్డి ఆకూ అంతే. ఎంపికలో విచక్షణ మాత్రం కావాలి. లేత జొన్న పైరులో ఉండే సైనైడ్ విషాన్ని రైతులు ‘నాము’ అంటారు; పశువును చంపేది కుందేలును వదలదు. సుబాబుల్ ఆకులో మిమోసిన్ అనే పదార్థం బొచ్చు రాలుస్తుంది. లూసర్న్ పెరిగే పిల్లలకూ పాలిచ్చే తల్లులకూ మంచిదే గాని ఎదిగినవాటికి నిత్యం పెట్టకూడదు: కుందేలు పేగు మేతలోని సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, అవసరంతో నిమిత్తం లేకుండా దాదాపుగా అంతా పీల్చుకొని మిగులును మూత్రంలో పంపుతుంది, లూసర్న్‌లో అది అధికం కనుక మూత్రాశయంలో సుద్దలా పేరుకొని రాయి కడుతుంది. వరిగడ్డి సారం లేనిది, పరుపుగా వేయడానికి పనికొస్తుంది. లాన్ కోసే యంత్రం కింద నలిగిన గడ్డి కుప్పలో వేడెక్కి పులుస్తుంది కనుక అది అసలు పనికిరాదు.

ఆకుకూరల గురించి చెప్పవలసింది కొద్దే. కొత్తిమీర, పుదీనా, తులసి, ముల్లంగి ఆకు రోజూ గుప్పెడు ఇవ్వవచ్చు. పాలకూర, తోటకూర, గోంగూరలో ఆక్సలేట్లు ఎక్కువ కనుక అప్పుడప్పుడు మాత్రమే. క్యాబేజీ కొన్నిటికి వాయువు చేస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, అవకాడో, బంగాళదుంప ఆకు, గన్నేరు దరిచేరనీయకూడదు.

నీళ్ల సంగతి ఆహారంలో భాగమే, పైగా అన్నిటికంటే క్రూరమైన అపోహ అక్కడే ఉంది. నీళ్లు తాగితే కుందేలు చచ్చిపోతుందన్న నమ్మకం, తొంభై శాతం వరకూ నీరున్న పచ్చిమేత తినే కుందేలు తొట్టి దగ్గరికి తక్కువగా పోవడం చూసి పుట్టి ఉండాలి. ఎండుమేత తినే కుందేలు కిలో బరువుకు రోజుకు 50 నుంచి 150 మిల్లీలీటర్ల నీరు తాగుతుంది. దానికి చెమట పట్టదు, ఒంటి వేడిని చెవుల ద్వారా వదులుకోవాలి. ముప్పై డిగ్రీలు దాటితేనే అది వేడికి అలసిపోతుంది, విజయవాడలోనో రామగుండంలోనో మే నెల నలభై దాటుతుంది. నీరు అందని కుందేలు ముందుగా మానేది ఎండుమేతనే, అక్కడి నుంచి పేగుల కదలిక ఆగిపోవడం ఎంతో దూరం లేదు. వెడల్పాటి మట్టి మూకుడులో రోజంతా నీళ్లుంచడం కంటే చవకైన వైద్యం లేదు.

మేత మార్చడం ఒక్క రోజులో జరగదు. అన్నానికీ పెల్లెట్లకూ అలవాటు పడిన కుందేలు ముందు గడ్డిని ముట్టదు, దాన్ని చూసి ‘మా కుందేలు గడ్డి తినదు’ అని తేల్చేయడం పరిపాటి. రెండు మూడు వారాలపాటు పాత తిండిని కొంచెం కొంచెం తగ్గిస్తూ, మేత దానంతట అదే పెరిగేలా చేస్తే అంధనాళంలోని సూక్ష్మజీవులు మారే వ్యవధి దొరుకుతుంది. ఆ మార్పు జరుగుతున్నదీ లేనిదీ పంజరం కిందే కనబడుతుంది, ఎందుకంటే నల్లగా, చిన్నగా, అతుక్కొని రాలే పెంటికలు క్రమంగా పెద్దవై, గుండ్రంగా, గోధుమరంగుకు తిరుగుతాయి, విరిస్తే లోపల గడ్డి పీచు కనిపిస్తుంది. ఆ కాలంలో కూరగాయల మార్కెట్టుకు పోయి క్యారెట్లు కొనేవారు ఒక దృశ్యం గమనించవచ్చు: ఎక్కడైనా ఆకుతో సహా దిగిన క్యారెట్ కట్టలుంటే, అమ్మేవాడు ఆకును మెలితిప్పి తుంచి కాళ్ల దగ్గర పడేసి, దుంపను తూకంలో వేస్తాడు. కుందేలుకు పెట్టదగినది ఆ కాళ్ల దగ్గర పడి ఉంటుంది, అడిగితే డబ్బు తీసుకోకుండానే ఇస్తాడు.